సీసాల కల్వర్టు

ఆ కల్వర్టు మీద ఆర్ అండ్ బీ వాళ్ళు రాసిన నంబరేదో ఉంది. దాన్ని ఎవరూ చదవరు. ఆ చుట్టుపక్కల అందరికీ అది సీసాల కల్వర్టే.

గజపతినగరం మెయిన్ రోడ్డు ఎక్కబోయే ముందు, జీడితోటల మధ్యనుంచి దారి మిట్టెక్కుతుంది. మెల్లగా, ఎడతెగకుండా ఎక్కుతూనే ఉంటుంది. మిట్ట చివర ఒక ఎండిన గెడ్డ, అంటే చిన్న వాగు, దాని మీద ఈ కల్వర్టు. ఆ కల్వర్టు గోడ పొడుగునా నీళ్ళ సీసాలు... కూల్‌డ్రింకు సీసాలు, మినరల్ వాటర్ సీసాలు, మధ్యలో ఒకటో రెండో నూనె డబ్బాలు. అన్నీ మూతిదాకా నిండుగా ఉంటాయి. నడివేసవిలో గెడ్డలో చుక్క కనబడకపోయినా ఆ సీసాల్లో నీళ్ళు తరగవు. ఎవరు నింపుతున్నారో చూసినవాళ్ళు లేరు.

ఎందుకున్నాయో మాత్రం అందరూ చెబుతారు.

ఎర్రన్న అని ఒక జీపు డ్రైవరు ఉండేవాడట. ఓ ఎండాకాలం రాత్రి పెళ్ళివాళ్ళని దింపేసి ఒక్కడే ఇంటికి వస్తున్నాడు. మిట్టెక్కగానే జీపు పొగలు కక్కి ఆగిపోయింది. ఇల్లు దగ్గరే... తొందర. చేతిగుడ్డ అడ్డం పెట్టి రేడియేటరు మూత తిప్పేశాడు. లోపల సలసల మరుగుతున్న నీళ్ళు ఒక్కసారిగా మొహం మీదకి ఎగిరాయి. కళ్ళు కనబడలేదు. "నీల్లు... నీల్లు..." అని అరుచుకుంటూ, తడుముకుంటూ, గోడ దాటి గెడ్డలో పడ్డాడు. తెల్లారి గొర్రెలవాళ్ళు చూశారు.

ఒక్కడే ఉన్నప్పుడు అతను ఏమని అరిచాడో ఎవరు విన్నారని అడక్కండి. అలా అడుగుతూ పోతే ఏ ఊళ్ళోనూ ఒక్క కథా మిగలదు.

అప్పట్నుంచీ అక్కడ బళ్ళు ఆగిపోతాయి. ఆగిన బండి పక్కన ఎవడో వచ్చి నిలబడతాడు. వాడికి దాహం. ఆ సీసాలు వాడివే... ముట్టుకున్నవాడు ఇల్లు చేరడు. అందుకే ఆ దారిన వెళ్ళే డ్రైవర్లు హారన్ మీద చెయ్యి తియ్యకుండా దాటిపోతారు. గోడ వైపు చూడరు. అక్కడ బానెట్ ఎత్తిన బండి ఏదైనా కనబడిందా, ఇంకాస్త గట్టిగా తొక్కుతారు.

దేవేంద్రకి ఇదంతా నవ్వులాట.

గరివిడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ అతను. ఓ పాత కారు కొన్నాడు. కొన్న రోజునుంచీ దాన్ని ఏ మెకానిక్ చేతా తాకనివ్వలేదు. ఫోన్లో వీడియోలు చూడటం, పానాలు పట్టుకుని దాని కిందకి దూరడం... అదే అతని ఆదివారం. బ్యాటరీ టెర్మినల్స్‌కి తెల్ల బూజు పడితే వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళు పోసి, తుడిచి, గ్రీజు రాశాడు. పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే ఒంటిసబ్బు రుద్ది ఆపాడు. రేడియేటరు కారడం మొదలెడితే, ఎవరో ముసలి లారీ డ్రైవరు చెప్పిన చిట్కా పట్టుకుని, అందులో గుప్పెడు పసుపు వేశాడు. కారడం ఆగింది. అతని మొహం వెలిగిపోయింది.

బావ మురళీమోహన్ మాత్రం పడీపడీ నవ్వాడు.

"ఏట్రా, కారుకి పేరంటం సేసినావా? సాయంత్రానికి గాజులు కూడా ఎట్టీ!"

"నవ్వు బావా. మెకానిక్ ఏలకేలు అడిగినాడు. నాను పసుపుతో ఆపీనాను."

"నువ్వెన్నయినా సెప్పు. సచ్చినా నీ కారెక్కన్రా నాను."

ఆ మాట దేవేంద్ర చెవిలో తర్వాత చాలాసేపు గింగురుమంది.

ఆ ఆదివారం అతను, అప్పా అని పిలిచే అక్క శైలజ ఇంటికి వచ్చి ఉన్నాడు. పొద్దుగూకాక బావ మొక్కజొన్న చేనుకి నీళ్ళు కట్టడానికి వెళ్ళాడు. వెళ్ళినవాడు మరి కాసేపటికే, ఇద్దరి భుజాల మీద చేతులేసి వచ్చాడు. పాదం మీద రెండు గాట్లు. నల్లటి పాము, గట్టు కిందనుంచి వచ్చిందన్నారు.

అంబులెన్సుకి ఫోను చేస్తే ఎక్కడో దూరంలో ఉంది, టైము పడుతుందన్నారు. గుంపులో ఎవరో మంత్రగాడి పేరెత్తారు. శైలజ ఒక్క చూపు చూసింది. ఆ పేరు మళ్ళీ వినబడలేదు.

"ఇజీనగరం పెద్దాసుపత్రికి పోదాం. ఒరే దేవా, కారు తియ్యి."

కారులో ఉన్న నీళ్ళ సీసాతో బావ పాదం మీది బురద కడిగారు. వెనక సీట్లో శైలజ ఒళ్ళో తల పెట్టి పడుకోబెట్టారు. కాలు కదపొద్దన్నారు. సచ్చినా ఎక్కనన్న మనిషి ఒక్క మాటా అనకుండా ఎక్కాడు. దేవేంద్రకి అప్పుడు మొదటిసారి భయమేసింది.

ఊరు దాటారు. జీడితోటలు మొదలయ్యాయి. చీకటి.

"ఏటండీ... నిద్దరోకండి. నాతో మాట్లాడండి," అంటోంది వెనక శైలజ.

"మాట్లాడతన్నాను కదే..." బావ నాలుక మందంగా తిరుగుతోంది. "రెప్పలు నిలబడతనేదు."

దేవేంద్ర కాలు ఇంకా నొక్కాడు. దారి మిట్టెక్కుతోంది. అప్పుడు చూశాడు... టెంపరేచర్ ముల్లు. సగం దాటింది. ఎర్రగీత వైపు పాకుతోంది.

ఏసీ ఆపేశాడు. హీటరు మొత్తం తిప్పాడు. కారంతా పొయ్యి మీద పెట్టినట్టయింది.

"ఒరే, ఈయన సెమట్లో ములిగిపోతంటే ఈ వేడేట్రా!"

"ఇంజను వేడి ఇటు లాగాలప్పా. నేకపోతే ఆగిపోతాది."

ముల్లు ఒక్క క్షణం నిలబడింది. వెనక్కి తగ్గుతుందేమోనని దేవేంద్ర ఊపిరి బిగబట్టి చూశాడు. ఎక్కడో ముందు 'టప్' మని చప్పుడు... అంతే. బానెట్ అంచులనుంచి తెల్లటి ఆవిరి లేచి అద్దమంతా కమ్మేసింది. ఇంజను రెండుసార్లు వణికి ఆగిపోయింది.

హెడ్‌లైట్ల వెలుగులో ఎదురుగా ఒక గోడ. గోడ మీద వరసగా, మెరుస్తూ... సీసాలు.

"ఇక్కడా?" అంది శైలజ. పెళ్ళై వచ్చినప్పట్నుంచీ ఆ కల్వర్టు దాటినప్పుడల్లా కళ్ళు మూసుకునే మనిషి ఆమె.

దేవేంద్ర ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. దిగి, ఫోను లైటు వేసి, బానెట్ ఎత్తాడు. మొహం మీదకి ఆవిరి, ఆ ఆవిరి నిండా కాగిన పసుపు వాసన. మొహం పక్కకి తిప్పుకుని లోపలికి వంగాడు.

రేడియేటరులో నీళ్ళెంత మిగిలాయో చూడాలి. చేతిగుడ్డ మడిచి మూత మీద వేశాడు. వేడి ఇంజను మూత తియ్యకూడదని అతనికి తెలీక కాదు. ఎన్ని వీడియోల్లో చూశాడో! కానీ వెనకనుంచి శైలజ గొంతు.

"దేవా... ఈయన పలకతనేదురా. బేగి కానీ!"

మూత తిప్పబోయాడు.

ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

దేవేంద్ర బిగుసుకుపోయాడు. దెయ్యం చెయ్యి మంచులా ఉంటుందని కదా చిన్నప్పట్నుంచీ విన్నది. ఇది కాలుతోంది. పొయ్యిలోంచి ఇప్పుడే తీసినట్టు కాలుతోంది. ఫోను లైటు అటు తిప్పాడు... ఆవిరి తప్ప ఏమీ లేదు. తన చెయ్యి తనకి కనబడుతూనే ఉంది. కదలడం లేదు.

"ఆగు..."

మాటో, ఇంజనులో ఆవిరి బుసో.

బలమంతా పెట్టి చెయ్యి లాగాడు. వెనక్కి వచ్చింది. మళ్ళీ మూత వైపు పెట్టాడు. మళ్ళీ అదే పట్టు, ఈసారి ఇంకా గట్టిగా.

"వదులు," అన్నాడు ఏడుపు గొంతుతో. "మా బావ పోతాడు... వదులు."

వదల్లేదు.

అంతలో మిట్ట కిందనుంచి వెలుగు. ఏదో కారు వస్తోంది! దేవేంద్ర రెండో చెయ్యి ఎత్తి ఊపాడు. "ఆపండి! ఆపండి!" ఆ కారు కల్వర్టు దాకా వచ్చింది, వేగం తగ్గింది... ఎత్తిన బానెట్, చుట్టూ పొగ, అందులో చెయ్యి ఊపుతున్న మనిషి. అంతే, కెవ్వుమని హారన్ కొట్టి, రోడ్డు దిగి, మట్టి రేపుకుంటూ పారిపోయింది.

మళ్ళీ చీకటి.

కారు వెనక తలుపు తెరిచే ఉంది. బావ తల కొద్దిగా ఎత్తి ఇటే చూస్తున్నాడు. సగం మూతపడ్డ కళ్ళు.

"ఒరే దేవా... నీ పక్కన ఆడెవడ్రా?"

"ఎవులూ నేరండీ," అంది శైలజ వణుకుతూ. "యిషవెక్కితే ఒకలు ఇద్దరు కనబడతారంట. మీరు తల దించండి."

"ఇద్దరు కాదే..." బావ మాట కూడదీసుకున్నాడు. "ఈడు పొట్టి. ఆడు పొడుగు."

శైలజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఎంతసేపు నిలబడ్డాడో దేవేంద్రకి తెలీదు. ఆవిరి పలచబడింది. ఇంజను టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది. మణికట్టు మీద మంట. ఎక్కడో కీచురాళ్ళు కూడా ఆగిపోయాయి... అప్పుడు ఆ పట్టు నెమ్మదిగా సడలింది.

"ఊఁ..."

పనివాడి పక్కన నిలబడి 'ఇంక కానీ' అన్నట్టు.

గుడ్డ వేసి మూత తిప్పాడు. నిట్టూర్చినట్టు చిన్న గాలి వచ్చింది, అంతే. లోపల పొడి. కింద రబ్బరు గొట్టం కొస దగ్గర నిలువునా చీలి ఉంది. పసుపు ఆపింది రేడియేటరు చిల్లుని. మెత్తబడిపోయిన గొట్టాన్ని అతను చూడనే లేదు. చూసి ఉంటే వారం కిందటే మార్చేవాడు. చిట్కా పనిచేసిందన్న సంబరంలో మనిషికి పక్కనున్నది కనబడదు.

బావ జేబులో ఉన్న చాకు తీసుకున్నాడు. చీలిన కొసని కోసేశాడు. మిగిలిన గొట్టం లాగి తొడిగి, క్లిప్పు వేసి చాకు మొనతో బిగించాడు.

"అప్పా, నీల్లు!"

"నీల్లెక్కడివిరా? పాదం కడిగీనాం కదా!"

ఇద్దరూ ఒకేసారి గోడ వైపు చూశారు.

"అవి ముట్టకూడదప్పా," అన్నాడు దేవేంద్ర. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అతనికే ఆశ్చర్యం వేసింది. అన్నాళ్ళూ నవ్వినవాడు అడుగు ముందుకి వెయ్యలేకపోయాడు. మణికట్టు ఇంకా మండుతోంది.

శైలజ భర్త తలని నెమ్మదిగా సీటు మీద పెట్టింది. దిగింది. చీకట్లో నేరుగా గోడ దగ్గరకి నడిచింది.

"ఎర్రన్నా," అంది గట్టిగా. "నీకు దాహవైతే నాకు మొగుడు. నీ నీల్లు తీసుకుంతన్నాను. నువ్వు కోపానికొస్తే నా మీదకి రా, ఆయన జోలికి రాకు."

రెండు చేతులా సీసాలు పట్టుకుని వచ్చింది. ఆమె వెనక చీకట్లో ఏదీ కదల్లేదు.

ఇంజను స్టార్ట్ చేసి, నీళ్ళు కొద్దికొద్దిగా పోశారు. గబుక్కున పోస్తే ఇంజను పగులుతుంది. సీసా తరవాత సీసా... గొట్టం నిలబడింది. మూత పూర్తిగా బిగించకుండా సగం తిప్పి వదిలాడు, ఒత్తిడి పెరగకుండా. మిగిలిన సీసాలు కాళ్ళ దగ్గర పెట్టుకుని బయల్దేరాడు. కల్వర్టు దాటేటప్పుడు హారన్ కొట్టలేదు. ఎందుకో కొట్టాలనిపించలేదు.

ఆసుపత్రిలో వాళ్ళు బావని స్ట్రెచర్ మీద పరిగెత్తించారు. తెల్లారేవరకూ సెలైన్లు, ఇంజెక్షన్లు, ఆక్సిజన్. శైలజ గోడకి ఆనుకుని నేల మీదే కూర్చుంది. ఎండ కిటికీలోకి వచ్చిన వేళకి బావ రెప్పలు పూర్తిగా లేచాయి. బావమరిదిని చూసి పెదాలు కదిపాడు.

"సచ్చినా ఎక్కనన్నాను... సావకుండా ఎక్కించినావు కదరా."

దేవేంద్ర అక్కడే నిలబడి ఏడ్చేశాడు.

ఆ తర్వాతే నర్సు జ్ఞానసుందరి అతని మణికట్టు చూసింది. బొబ్బలు కట్టి ఉంది. మందు రాస్తూ తలాడించింది.

"ఆవిరి తగిలితే ఇలగ గీతలు గీతలుగా కాలదు బాబూ. ఏటి పట్టుకున్నావు?"

"గొట్టం తగిలినాదండీ," అన్నాడు. తనకి తాను కూడా అదే చెప్పుకున్నాడు. భయంలో వేడి గొట్టానికి చెయ్యి ఆనించి, కదల్లేక బిగుసుకుపోయి ఉంటాను. బావకి విషమెక్కి కళ్ళు చెదిరాయి. మిట్టెక్కితే ఏ పాత బండైనా వేడెక్కుతుంది. దానికి దెయ్యమెందుకు?

ఈలోగా గజపతినగరం టీ బడ్డీల దగ్గర కొత్త కబురు తిరుగుతోంది. ఆదివారం రాత్రి ఎర్రన్న మళ్ళీ కనబడ్డాడట. బానెట్ ఎత్తుకుని, పొగలో నిలబడి, నీళ్ళ కోసం చెయ్యి ఊపాడట. కళ్ళారా చూసిన డ్రైవరుకి జ్వరం పట్టుకుందట. ఆ చెయ్యి ఊపింది నేనే అని దేవేంద్ర చెప్పబోయాడు. టీ తాగేసి లేచిపోయాడు.

బావ ఇంటికొచ్చాక ఓ పొద్దున్నే, కొత్త గొట్టం వేసిన కారులో అక్కాతమ్ముడూ కల్వర్టుకి వెళ్ళారు. వెనక సీటు నిండా నీళ్ళు నింపిన సీసాలు.

గోడ దగ్గర ఒక పెద్దావిడ ఉంది. చంకన బిందె. గరాటు పెట్టి సీసాలో నీళ్ళు పోస్తోంది. కారు ఆగడం చూసి బిందె దింపేసింది. ఆ చోట ఆగిన బండిని ఆమె ఎన్నాళ్ళకి చూసిందో.

"ఈ సీసాలు మీరే ఎడతన్నారేటమ్మా?" అంది శైలజ.

"నానే. గౌరంటారు. ఎర్రన్న నా పెనివిటి."

దేవేంద్ర ఆమె బిందె వైపు, గోడ మీది సీసాల వైపు చూశాడు.

"జీడితోటలో పనికెల్తా, తెల్లారకముందే నింపీసి పోతాను," అంది గౌరి. "ఎవులు సూస్తారు? ఈ గోడ కాసి ఎవులు సూస్తారని?"

"మరి అందరూ... ఆయన దాహానికని..."

గౌరి నవ్వింది. అలసిపోయిన నవ్వు. "సచ్చినోడికి నీల్లెందుకమ్మా? ఆగిపోయిన బళ్ళకి. పక్కన నిండు సీసా ఉంటే మనిషి నిదానంగా ఉంటాడు. నేకపోతేనే తొందర పుడతాది. ఇన్నేల్లనుంచి ఎడతన్నాను. ఒక్కలూ ముట్టనేదు. ఎండకి సీసాలు పగిలిపోతే మారుస్తన్నాను, అంతే. మొన్న సోమారం వచ్చి సూస్తే..." ఆమె గోడ మీద చెయ్యి ఆనించింది. "కొన్ని సీసాలు నేవు. ఈ గోడ మీద కూకుని ఏడ్సీనాను బాబూ. ఎవులికో పనికొచ్చినాయని."

శైలజ ఆమె చెయ్యి పట్టుకుంది.

దేవేంద్ర గుండెల మీదనుంచి బరువు దిగిపోయినట్టయింది. ఇదా సంగతి! ఎవరో బతికున్న మనిషి, బిందెడు నీళ్ళు, ఇంతేనా! నవ్వొచ్చింది అతనికి. కారులోంచి సీసాలు తీసి ఒక్కొక్కటీ గోడ మీద పేర్చడం మొదలెట్టాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది.

"ఏటది బాబూ?"

"వేడి గొట్టం తగిలినాది పెద్దమ్మా. మానిపోతన్నాది."

గౌరి అతని చెయ్యి అందుకుంది. ఎండలోకి తిప్పింది. లోపలి వైపు ఒక బొటనవేలంత మచ్చ. బయట వైపు మూడు మచ్చలు, పక్కపక్కనే. ఆమె తన వేళ్ళు వాటి మీద ఒక్కొక్కటిగా ఆనించింది. బొటనవేలు. చూపుడు వేలు. నడిమి వేలు. ఉంగరపు వేలు. చిటికెన వేలికి మాత్రం చోటు లేదు. ఆ వేలు గాలిలో అలాగే నిలబడింది.



"ఫేను బెల్టులో పోనాది," అంది గౌరి. "మా పెళ్ళయిన ఏడు. ఆయన కుడిసేతి సిటికెనేలు. ఈ సంగతి ఊళ్ళో కూడా ఎవులికీ గుర్తునేదు."

శైలజ తమ్ముడి వైపు చూసింది. దేవేంద్ర చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు.

"తొందరపడినావా బాబూ?"

అతను తలూపాడు.

"నిన్ను ఆపినాడు," అంది గౌరి, ఆ మణికట్టు వదలకుండా. "ఆ రేతిరి ఆయన్నే... ఎవులూ ఆపనేదు."